సెనేటర్‌కు బేడీలు: ‘దూసుకెళ్లారు’, ‘గెంటేశారు’ అన్న రెండు మాటల్లో ఏది నిలబడుతుంది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. 2025 జూన్ 12న లాస్ ఏంజెలెస్‌లో అప్పటి అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ (దేశ అంతర్గత భద్రత, వలసలు చూసే శాఖ) మంత్రి క్రిస్టీ నోమ్ ప్రెస్ మీట్ జరుగుతుండగా, కాలిఫోర్నియా సెనేటర్ అలెక్స్ పడియాను భద్రతా సిబ్బంది బయటకు తీసుకెళ్లి చేతులకు బేడీలు వేశారు. (ఇంగ్లిషు అక్షరాలను బట్టి పడిల్లా అని రాసేవారూ ఉన్నారు, మనిషి ఒకరే.) మీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో కాలిఫోర్నియాలో ఉండే బావగారు ‘తానెవరో చెప్పకుండా మంత్రి మీదికి దూసుకెళ్లాడు, సెక్యూరిటీ వాళ్ల పని వాళ్లు చేశారు’ అంటున్నారు. మీ మేనకోడలు ‘పేరు చెబుతున్నా గెంటేసి అరెస్టు చేశారు’ అంటోంది. బావగారు గదిలోపలి వీడియో పెట్టారు, ఆ అమ్మాయి నడవాలోని వీడియో పెట్టింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి, ఇలాంటివి ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ రోజు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చిన ప్రకటనలోని రెండు ముఖ్యమైన మాటలు, ‘తానెవరో చెప్పలేదు’, ‘మంత్రి మీదికి దూసుకెళ్లారు’ అన్నవి, వీడియో ముందు నిలబడవు. ప్రెస్ మీట్‌కు ఆయన అంతరాయం కలిగించిన మాట నిజం. సెనేటర్లు గుర్తింపుగా పెట్టుకునే పిన్ను ఆయన ఒంటి మీద లేదన్నదీ నిజమే. అరెస్టు చేశారన్న మాట మాత్రం తప్పు. బేడీలు వేశారు, కాసేపటికి తీసేశారు, కేసు పెట్టలేదు. కాబట్టి మీ బావగారు చెప్పినదాంట్లో కొంత, మేనకోడలు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. అయితే ‘ఇద్దరిదీ సగం సగం’ అని రాజీ కుదర్చకండి. రెండు వైపుల పొరపాట్లూ ఒకే బరువు ఉన్నవి కావు. ఎందుకో కింద రాస్తాను.

నేను ఇరవై ఏడేళ్లుగా తెలుగు దినపత్రికల్లో పనిచేస్తున్నాను. మొదటి పదకొండేళ్లు జిల్లా విలేకరిగా లెక్కలేనన్ని ప్రెస్ మీట్లకు వెళ్లాను. ఆ తర్వాత డెస్కులో విదేశీ వార్తలు చూస్తున్నాను. ఈ వార్త వచ్చిన రాత్రి డ్యూటీలో నేనే ఉన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అహ్మదాబాద్‌లో లండన్ వెళ్లాల్సిన ఎయిరిండియా విమానం కూలి, అందులోని 242 మందిలో 241 మంది చనిపోయారు. పేజీలన్నీ దానికే వెళ్లిపోయాయి. లాస్ ఏంజెలెస్ వార్త అర్ధరాత్రికి దగ్గరలో వచ్చింది. దానికి నాకు మిగిలింది సింగిల్ కాలమ్‌లో అరవై మాటలు. అరవై మాటల్లో రాయాల్సి వచ్చినప్పుడు ప్రతి క్రియ ఒక తీర్పు అయిపోతుంది. ఏజెన్సీ కాపీలో ప్రభుత్వ ప్రకటన నుంచి తీసుకున్న ఒక ఇంగ్లిషు క్రియ ఉంది. దాన్ని తెలుగులోకి తెస్తే ‘దూసుకెళ్లారు’ అవుతుంది, ‘మీద పడబోయారు’ కూడా అవుతుంది. ఏది రాసినా చదివేవారి కళ్ల ముందు ఒక దాడి కదులుతుంది. అది నేను చూసిన దృశ్యంలో లేదు. అందుకే ఆ మాటను ‘అని ఆ శాఖ ఆరోపించింది’ అన్న చోట మాత్రమే ఉంచి, ‘సెనేటర్‌కు బేడీలు’ అని శీర్షిక పెట్టాను. బేడీల విషయంలో రెండు పక్షాలకూ తేడా లేదు కదా.

ఇక జరిగినదానికి వద్దాం. జూన్ 6న లాస్ ఏంజెలెస్‌లో వలస వ్యవహారాల అధికారుల సోదాలు మొదలయ్యాయి, వాటి మీద నిరసనలు రేగాయి. గవర్నర్ గావిన్ న్యూసమ్ వద్దంటున్నా అధ్యక్షుడు ట్రంప్ నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైనికులు) దళాలను పంపారు. మొత్తం సుమారు 4,000 మంది గార్డులు, 700 మంది మెరీన్లకు ఆదేశాలు వెళ్లాయి. గార్డుల మోహరింపు చట్టవిరుద్ధమని ఫెడరల్ జడ్జి చార్లెస్ బ్రేయర్ తీర్పు ఇచ్చిందీ ఈ జూన్ 12నే. కొన్ని గంటల్లోనే అప్పీలు కోర్టు దాన్ని నిలిపివేసింది. ఊరంతా అలా ఉడుకుతున్న రోజున పశ్చిమ లాస్ ఏంజెలెస్‌లోని విల్‌షైర్ ఫెడరల్ భవనంలో నోమ్ విలేకరులతో మాట్లాడారు.

పడియా అదే నగరంలో పుట్టి పెరిగిన మనిషి. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వలస వచ్చినవారు. ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు, లాస్ ఏంజెలెస్ నగర మండలికి అధ్యక్షుడిగా పనిచేశారు. కమలా హారిస్ ఉపాధ్యక్షురాలైనప్పుడు ఖాళీ అయిన సెనేట్ సీటులోకి 2021లో వచ్చారు. న్యాయ వ్యవహారాల కమిటీ కింద ఉన్న వలసల ఉపసంఘంలో ప్రతిపక్ష డెమొక్రాట్ల తరఫున ముఖ్య సభ్యుడు. అంటే వలసల మీద మంత్రిని ప్రశ్నించడమే ఆయన ఉద్యోగంలో పెద్ద భాగం.

ఆయన అక్కడికి ఎందుకు వెళ్లారు? ఆయన చెప్పిన ప్రకారం, సైన్యం నార్తర్న్ కమాండ్ అధిపతి జనరల్ గ్రెగరీ గిలోతో అదే భవనంలో ముందే ఖాయమైన సమావేశం ఉంది. అది ఆలస్యమైంది. అదే అంతస్తులో మంత్రి ప్రెస్ మీట్ జరుగుతోందని తెలిసి, వినవచ్చా అని అడిగారు. ఒక నేషనల్ గార్డ్ సభ్యుడు, ఒక ఎఫ్‌బీఐ అధికారి వెంట ఉండి ఆ గదికి తీసుకెళ్లారు. గదిలో పక్కగా నిలబడి వింటున్నారు. సోషలిస్టుల నుంచి, ఈ గవర్నర్, ఈ మేయర్ నాయకత్వం నుంచి నగరాన్ని విముక్తి చేస్తామన్న అర్థంలో మంత్రి మాట్లాడగానే ఊరుకోలేక గొంతెత్తారు. ప్రజలు ఎన్నుకున్న గవర్నర్, మేయర్ నుంచి నగరానికి విముక్తి కల్పిస్తామని కేంద్ర మంత్రి అనడం ఏ రాష్ట్రంలోనైనా మంట పుట్టించే మాటే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా అలా అంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఎక్స్‌లో పెట్టిన ప్రకటనను నేను ఆ రాత్రే కాగితం మీద ఏడు ముక్కలుగా రాసుకున్నాను. నా చేతికింద పనిచేసే పిల్లలకూ ఇదే నేర్పిస్తాను. ప్రకటనను మొత్తంగా నమ్మడమో కొట్టిపారేయడమో వద్దు. అందులో ఎన్ని వాదనలు ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్ని విడిగా నిలబెట్టి చూడండి. ఆ ఏడు ఇవి: ప్రత్యక్ష ప్రసారానికి అంతరాయం కలిగించారు; తానెవరో చెప్పలేదు; సెనేట్ పిన్ను పెట్టుకోలేదు; మంత్రి మీదికి దూసుకెళ్లారు; వెనక్కి జరగమని పదేపదే చెప్పినా వినలేదు; దాడి చేయడానికి వచ్చాడని సీక్రెట్ సర్వీస్ (నాయకులకు రక్షణ ఇచ్చే సంస్థ) అనుకుంది; తర్వాత మంత్రి ఆయనతో పదిహేను నిమిషాలు సమావేశమయ్యారు.

మొదటిది, మూడోది, ఏడోది తేలికగా తేలిపోతాయి. ఆయన మధ్యలో మాట్లాడారు, అందులో సందేహం లేదు. ప్రెస్ మీట్ పెట్టినవారు విలేకరుల ప్రశ్నలు తీసుకుంటారు, ఇంకో నాయకుడి ప్రశ్న తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. మంత్రి మాట్లాడుతుండగా గొంతు పెంచడం మర్యాద కాదని మీ బావగారు అంటే నేను కాదనను. ఎంపీగానీ ఎమ్మెల్యేగానీ మన దగ్గర అలా చేసినా పోలీసులు చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్తారు. ఇక పిన్ను లేదు. ఆయన వేసుకున్న చొక్కా మీద యునైటెడ్ స్టేట్స్ సెనేట్ అని ఉందని ఆయన పక్షం చెప్పింది. కానీ పిన్ను వేరు, చొక్కా వేరు. సంఘటన తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారని రెండు వైపులా ఒప్పుకున్నారు.

అసలు తగాదా రెండు, నాలుగు వాదనల మీద. అక్కడ కొంచెం నిదానంగా ఆగుదాం.

గదిలోపలి వీడియోను శబ్దంతో, నెమ్మదిగా చూడండి. ఒక అధికారి ఆయన ఛాతీ మీద, భుజాల మీద చేతులు పెట్టి వెనక్కి నెడుతుంటాడు. ఆ తోపులాటలోనే ఆయన మాట స్పష్టంగా వినిపిస్తుంది: ‘నేను సెనేటర్ అలెక్స్ పడియాని, మంత్రికి నా ప్రశ్నలున్నాయి’ అని. ఆ తర్వాత ‘చేతులు తీయండి’ అంటారు. నెడుతున్నా ప్రశ్న ఆపరు. మంత్రి వెనక ప్రదర్శిస్తున్న నిందితుల ఫొటోల గురించి ఏదో అనబోతుండగా తలుపు దాటించేశారు.

ఇక్కడ మీ బావగారు ఒక మాట అనవచ్చు: ‘పేరు ముందు చెప్పలేదు కదా, పట్టుకున్నాక చెప్పాడు’ అని. ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. మొదటి చేయి ఆయన మీద పడ్డ క్షణానికి ముందు పేరు చెప్పారా లేదా అన్నది ఒక ప్రశ్న. నేలమీద బోర్లా పడుకోబెట్టి బేడీలు వేసే సమయానికి పేరు చెప్పారా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదాని మీద కాసేపు వాదించుకోవచ్చు. రెండోదాని మీద వాదనే లేదు. ప్రకటనలో ఆ తేడా చేయలేదు. ‘తానెవరో చెప్పకుండా’ అని గంపగుత్తగా అన్నారు. చదివినవారికి మనిషి చివరిదాకా అపరిచితుడిగానే ఉన్నాడన్న భావం కలుగుతుంది. దాన్నే నేను తప్పు అంటున్నాను.

ఇక ‘దూసుకెళ్లారు’. మంత్రి మైకు దగ్గర నిలబడి ఉన్నారు. ఈయన గోడ పక్కన ఉన్నారు. మధ్యలో చాలా అడుగుల దూరం, మనుషులు. ఆయన మాట్లాడుతూ ఒక అడుగో రెండు అడుగులో ముందుకు వేశారనే అనుకుందాం. గుంపులో మాట్లాడేవాడు ముందుకు రావడం సహజం. దూసుకెళ్లడం అంటే వేగం ఉండాలి, లక్ష్యం ఉండాలి. బయటకు వచ్చిన దృశ్యాల్లో ఆ రెండూ లేవు. ఆ మాట రాసినవారు వీడియో చూసి రాశారా, ఎవరో చెప్పగా రాశారా అన్నది పక్కన పెట్టండి. వీడియో అందరి ముందుకూ వచ్చాక కూడా దాన్ని సరిదిద్దలేదు. నాకు బాధ కలిగించింది అదే. విలేకరి తప్పు రాస్తే మర్నాడు సవరణ వేస్తాడు. ప్రభుత్వానికి కూడా ఆ బాధ్యత ఉండాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా సొంత తప్పు ఒకటి ఉంది. పందొమ్మిదేళ్ల కిందట, రబీ పంట చివరి తడికి వచ్చిన రోజుల్లో, ఒక జిల్లా కేంద్రంలోని ఆర్ అండ్ బీ అతిథిగృహంలో మంత్రి ప్రెస్ మీట్ పెట్టారు. ఆయకట్టు చివరి భూములకు నీళ్లు అందలేదని ప్రతిపక్ష ఎమ్మెల్యే ఒకరు అనుచరులు నలుగురితో లోపలికి వచ్చారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. వెనక నుంచి కేకలు వినిపించి తిరిగి చూసేసరికి, జనం తలల మీదుగా ఆయన కుడి చేయి పైకి లేచి ఉంది. అంతలోనే కానిస్టేబుళ్లు చుట్టుముట్టారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. టీ గ్లాసుల ట్రే పట్టుకున్న కుర్రాడు గోడకు అతుక్కుపోయాడు. క్షణాల్లో ఎమ్మెల్యేను వరండాలోకి తీసుకెళ్లిపోయారు. గుమ్మం దగ్గర ఆయన చెప్పు ఒకటి మిగిలిపోయింది.

బయటకు వచ్చాక పోలీసు అధికారి ‘మంత్రిగారి మీద చేయెత్తారు’ అన్నారు. నేను చేయి చూశాను కదా. వార్త అలాగే రాశాను. శీర్షిక కూడా అలాగే వచ్చింది.

మర్నాడు ఉదయం స్థానిక కేబుల్ చానల్ కుర్రాడు పిలిచి టేపు చూపించాడు. అతని కెమెరా మంత్రి వైపు నుంచి ఉంది. ఎమ్మెల్యే ఎత్తిన చేతిలో ఎండిపోయిన వరి దుబ్బు ఉంది. మంత్రికి చూపించడానికి ఎత్తారు. నాకు కనిపించింది మోచేయి నుంచి మణికట్టు దాకా మాత్రమే. మిగతాది పోలీసు అధికారి మాటతో నేను పూరించుకున్నాను. అదే టేపులో ఇంకో విషయం కూడా ఉంది. తనను కొట్టారని ఎమ్మెల్యే చెప్పుకున్నారు. కొట్టిన దృశ్యం లేదు. పైగా ఆయనే ఒక కానిస్టేబుల్‌ను ఛాతీ మీద నెట్టారు. అయినా నా సవరణ ఆయనకే రావాల్సి ఉంది, ఎందుకంటే నేను తప్పు రాసింది ఆయన గురించి. జిల్లా ఎడిషన్‌లో నాలుగో పేజీ అడుగున నాలుగు వరసల సవరణ వేశాం. ముందురోజు శీర్షిక నాలుగు కాలమ్‌లు. ఆ నాలుగు కాలమ్‌లు చదివినవారిలో ఎందరు ఆ నాలుగు వరసలు చదివి ఉంటారు? ఆ ఎమ్మెల్యే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ‘మంత్రి మీద చేయెత్తినవాడు’గానే జనం నోళ్లలో ఉన్నారు.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. సంఘటనను చోటును బట్టి విడగొట్టాలి: గదిలో ఏం జరిగింది, గుమ్మం దగ్గర ఏం జరిగింది, వరండాలో ఏం జరిగింది. ఒక చోట జరిగినదాన్ని ఇంకో చోట జరిగినదానికి సమర్థనగా వాడటం ఇరుపక్షాలకూ అలవాటు. పడియా విషయంలోనూ అదే జరిగింది. గదిలో గొంతెత్తినదాన్ని చూపించి నడవాలో వేసిన బేడీలను సమర్థిస్తున్నారు. నడవాలో వేసిన బేడీలను చూపించి గదిలో ఆయన అసలు అంతరాయమే కలిగించలేదన్నట్టు మాట్లాడుతున్నారు.

నడవా వీడియో ఆయన సిబ్బందిలో ఒకరు తీసింది. అందులో ఆయన మోకాళ్ల మీదికి దిగడం, తర్వాత బోర్లా పడుకోబెట్టడం, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేయడం కనిపిస్తాయి. ఇక్కడ రికార్డు చేయకూడదని ఒక అధికారి అనడం వినిపిస్తుంది. అప్పటి ఎఫ్‌బీఐ ఉప సంచాలకుడు డాన్ బాంజినో, ఆయన శారీరకంగా ప్రతిఘటించారని, పిన్ను లేదని, ఎవరో తెలిశాక వదిలేశారని చెప్పారు. గదిలో నెడుతుంటే ఆయన వెనుదిరిగి వెళ్లిపోలేదు, మాట్లాడుతూనే ఉన్నారు. ‘వెనక్కి జరగమన్నా వినలేదు’ అన్న ఐదో వాదనకు ఆ మేరకు ఆధారం ఉంది. కానీ నడవాలోకి వచ్చేసరికి మంత్రికీ ఆయనకూ మధ్య గోడ ఉంది, తలుపు ఉంది, పలువురు అధికారులు ఉన్నారు. పేరు చెప్పేశారు. అక్కడ బేడీల అవసరం ఏమిటి? ఆ ప్రశ్నకు ప్రకటనలో జవాబు లేదు. ఉన్న జవాబల్లా గదిలో జరిగినదాని గురించే.

ఆరో వాదన, ‘దాడి చేయడానికి వచ్చాడని అనుకున్నారు’ అన్నది, వేరే రకం. ఒక మనిషి మనసులో ఏమనుకున్నాడో కెమెరా చూపించలేదు. రక్షణ ఉద్యోగంలో ఉన్నవాడు ఒక్క క్షణంలో నిర్ణయం తీసుకోవాలి, ఆ ఒత్తిడిని నేను తక్కువ చేయను. మొదటి క్షణంలో గదిలో అతనికి భయం వేసిందంటే నమ్ముతాను. కానీ అదే భవనంలో భద్రతా తనిఖీ దాటి వచ్చి, ఎఫ్‌బీఐ మనిషే వెంట తీసుకొచ్చిన వ్యక్తిని దుండగుడని అనుకున్నారంటే, ఆ వెంట ఉన్న అధికారి ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, తనతో వచ్చినవారు ఎవరో చెప్పారా అని అడగాలి. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన సాక్షి ఆయనే. కెమెరాలన్నీ సెనేటర్ వైపు తిరిగి ఉన్నాయి.

ఇప్పుడు మీ మేనకోడలి మాట: ‘అరెస్టు’. ఇది చిన్న పొరపాటే, కానీ దిద్దండి. బేడీలు వేయడం, అదుపులోకి తీసుకోవడం, అరెస్టు చేయడం మూడు వేర్వేరు విషయాలు. మన దగ్గర ఎంపీని అరెస్టు చేస్తే లోక్‌సభ నిబంధనల ప్రకారం స్పీకర్‌కు వెంటనే తెలియజేయాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అందుకే మన పోలీసులు నాయకులను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం వదిలేసేటప్పుడు ‘ముందుజాగ్రత్తగా అదుపులోకి తీసుకున్నాం’ అంటారు. ఆ మాట వెనక ఎంత లెక్క ఉంటుందో స్టేషన్ల చుట్టూ తిరిగిన ప్రతి విలేకరికీ తెలుసు. పడియా కూడా తనను అరెస్టు చేయలేదనే చెప్పారు. ఆయనే అనని మాటను ఆయన తరఫున మనం అంటే, ఎదుటివారు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతా నిజాన్నంతా కొట్టేస్తారు.

తర్వాతి రోజుల్లో నాయకులు అన్న మాటలను సాక్ష్యంగా తీసుకోకండి. ప్రతినిధుల సభ స్పీకర్ మైక్ జాన్సన్, పడియా మంత్రి మీదికి ఉరికారన్నట్టు మాట్లాడి, ఆయనను అధికారికంగా మందలించాలన్నారు. డెమొక్రాట్లు ముక్తకంఠంతో ఖండించారు. అవన్నీ ఊహించగలిగినవే. నేను ఆగి చదివింది అలాస్కా రిపబ్లికన్ సెనేటర్ లీసా మర్కౌస్కీ మాట ఒక్కటే. తనకు తెలిసిన అమెరికా ఇది కాదని ఆవిడ అన్నారు. సొంత పార్టీ ప్రభుత్వం గురించి అలా అనడానికి ఆమెకు రాజకీయంగా లాభం ఏమీ లేదు. అయినా అది కూడా అభిప్రాయమే, ఆమె ఆ గదిలో లేరు. ఒకరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకునేటప్పుడు, ఆ మాట అనడం వల్ల వారికి కలిసొచ్చేదేమిటి, పోయేదేమిటి అని చూడటం మంచిది. అంతకుమించి దాన్ని వాడకండి.

ఇంకో చిన్న విషయం, మన తెలుగువారి గ్రూపుల్లో బాగా తిరిగింది కాబట్టి చెబుతున్నాను. జూన్ 20న ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ అదే నగరానికి వచ్చి, పడియాను ‘హొసే పడియా’ అన్నారు. ఉషా వాన్స్ మూలాలు ఆంధ్రలో ఉన్నందువల్ల ఆయన ఏమన్నా మన పత్రికల్లో చోటు దొరుకుతుంది. హొసే పడియా అన్నది ఉగ్రవాద కేసులో శిక్ష పడ్డ వేరే మనిషి పేరు. వాన్స్, అలెక్స్ పడియా ఇద్దరూ 2023 నుంచి రెండేళ్లు ఒకే సెనేట్‌లో కూర్చున్నవారు. కావాలని అన్నారా, నోరు జారిందా అని మీ గ్రూపులో కొట్టుకుంటున్నారు కాబోలు. దాని జోలికి వెళ్లకండి. అది జూన్ 12న ఆ గదిలో ఏం జరిగిందో తేల్చడానికి ఏ విధంగానూ పనికిరాదు. తగాదాను పక్కదారి పట్టించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

‘ఇంతకీ మీరు ఎవరి పక్షం’ అని అడుగుతారేమో. దాచుకోను. మంత్రి మాట్లాడుతుండగా సెనేటర్ గొంతెత్తడం నాకు పెద్ద నేరంగా కనిపించలేదు. ప్రశ్న అడిగినవాడిని నేలమీద పడుకోబెట్టడం చాలా పెద్ద విషయంగా కనిపించింది. సెనేటర్‌నే ఇలా చేస్తే పొలాల్లో, హోటళ్ల వంటగదుల్లో పనిచేసే కూలీల సంగతి ఏమిటని పడియా బయటకు వచ్చాక అన్నారు. ఆ రోజు ఆయన అన్న మాటల్లో నా మనసులో నిలిచిపోయింది అదే. ఆయన వెంట సిబ్బంది ఉన్నారు, వారి చేతిలో ఫోను ఉంది, గదినిండా కెమెరాలు ఉన్నాయి. అన్ని కెమెరాల ముందు జరిగినదాని మీదే ‘దూసుకెళ్లారు’ అని రాయగలిగినవారు, కెమెరా లేని చోట ఏం రాస్తారో అన్న భయం నాకు నిజంగా ఉంది. అయితే ఈ అభిప్రాయం నాది. దీన్ని పైన రాసిన ఏడు వాదనల పరిశీలనతో కలపకండి. మీరు వేరే పక్షంలో ఉన్నా ఆ పరిశీలన అలాగే ఉండాలి, లేకపోతే అది పరిశీలన కాదు.

ఇక గ్రూపులో ఏం చేయాలన్నారు. నా సలహా ఇది. ముందు గదిలోపలి వీడియో పెట్టండి, కత్తిరించనిది, శబ్దంతో. అందులో మంత్రి మాట కూడా ఉండాలి, ఆయన గొంతెత్తడానికి ముందు ఏమన్నారో వినిపించాలి. తర్వాత నడవా వీడియో. ఆ రెండూ అందరూ చూశాకే ప్రభుత్వ ప్రకటన పెట్టండి. క్రమం తప్పనివ్వకండి. ప్రకటన ముందు చదివినవారికి వీడియోలో దూసుకెళ్లడం కనిపిస్తుంది. నాకు పోలీసు అధికారి మాటలో వరి దుబ్బు కనిపించనట్టే. బావగారు పెద్దవారు కాబట్టి ఆయన చెప్పినదాంట్లో నిజమైనవాటిని ముందు ఒప్పుకోండి: అంతరాయం కలిగించారు, పిన్ను లేదు. మేనకోడలికి అరెస్టు కాదని విడిగా చెప్పండి, నలుగురిలో వద్దు. ఆ తర్వాత బావగారిని ఒక్క ప్రశ్నే అడగండి: నడవాలో బేడీలు పడే సమయానికి ఆ మనిషి ఎవరో అక్కడున్న అధికారులకు ఇంకా తెలియదని మీరు నమ్ముతున్నారా?